శాస్త్రులుగారికి నాంచారమ్మ విందు

నల్లగట్టు రాజు పెదతిమ్మ భూపతి ఒకరోజు విచిత్రమైన ఆజ్ఞ వేశాడు. కోటలో ఇకమీదట ఎవరూ జంతికలు, అప్పడాలు, చేగోడీలు నమలకూడదు. కరకరమన్న చప్పుడు తన చెవిన పడకూడదు!

కారణమేమిటో వంటశాల పెద్ద నాంచారమ్మకు తెలుసు. డెబ్బై ఏళ్ల రాజుగారికి చిగుళ్లు వాచి నెల దాటింది. పంపిన పళ్లెం పంపినట్టే తిరిగొస్తోంది. మనిషి సగమైపోయాడు. నోరు తెరిస్తే నొప్పని సభలో మాట్లాడటమే మానేశాడు. తీర్పుల కోసం వచ్చిన జనం కోటగుమ్మం దగ్గర పడిగాపులు కాస్తున్నారు.

ఆస్థాన వైద్యుడు దివాకర శాస్త్రులు మాత్రం అంగవస్త్రం సర్దుకుంటూ, "చికిత్సంతా తాటాకు మీద రాసిచ్చాను. ఆ వయసులో పళ్లు పోక ఉంటాయా?" అంటూ తిరుగుతున్నాడు.

గంజి పట్టుకెళ్లిన నాంచారమ్మ మెల్లిగా అడిగింది. "ఆ తాటాకులో ఏముంది ప్రభూ?"

రాజు అటూ ఇటూ చూసి గొణిగాడు. "ఇరవై శ్లోకాలున్నాయి. ఒక్కటీ అర్థం కాలేదు."

"మరి అడగలేకపోయారా?"

"అంత పండితుడు 'తెలిసింది కదా?' అంటే, రాజునై ఉండి తెలియలేదని ఎలా చెప్పను? తలూపాను."

నాంచారమ్మకు జాలీ కలిగింది, నవ్వూ వచ్చింది. "అడిగే పని నాకొదిలేయండి," అంది.

ఎడ్ల బేరం చేసే తమ్ముడి చేత, సంతలో బేరగాళ్లు తమలో తాము చెప్పుకునే మరుగుమాటల్లో ఒక తాటాకు రాయించింది. మర్నాడు నిండుసభలో, "రేపు విందుకు పిలుపండీ," అని శాస్త్రులకు అందించింది.

శాస్త్రులు పైనుంచి కిందికి రెండుసార్లు చూశాడు. సభంతా తనవంకే చూస్తోంది.

"తెలిసింది కదా, శాస్త్రులుగారూ?"

"ఓ, భేషుగ్గా!"

విందనేసరికి శాస్త్రులు పొద్దున్నించీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చాడు. పంక్తి మొదట రాజు గంజి గిన్నెతో కూర్చున్నాడు; మిగతా అందరి విస్తళ్లలో బొబ్బట్లు, పులిహోర, గుత్తివంకాయ పడ్డాయి. ఆయన విస్తరి ఖాళీ.

"నాకేదీ?"

"అయ్యో, మీరు ఇంట్లో తినే వచ్చారు కదండీ! 'భోంచేసి రండి, ఇక్కడ మీకు వడ్డన లేదు' అని తాటాకులో రాయించాను!"

శాస్త్రులు మండిపడ్డాడు. "ఆ పిచ్చిమాటలు ఎవడికి అర్థమవుతాయి?"

నాంచారమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

"తలూపితే మీ కడుపు నిండలేదు. మరి ప్రభువు చిగుళ్లెలా మానతాయండీ?"

శాస్త్రులు తన ఖాళీ విస్తరి వంక చూసుకున్నాడు. ఆకలి నకనకలాడుతోంది. చివరికి తెలుగులోకి దిగాడు. "తిన్నప్పుడల్లా గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించాలి. మెత్తటి గుడ్డతో పళ్లు తోముకోవాలి. కదిలే పళ్లు రెండూ నాచేత తీయించుకోవాలి."

"ఇరవై శ్లోకాల్లో ఉన్నది ఇంతేనా!" రాజు దవడ పట్టుకుని మరీ నవ్వాడు. చేతి బంగారు కడియం తీసి నాంచారమ్మకు చాపాడు.

"ఉండండి ప్రభూ. ఆయన చెప్పింది ముందు మీరొకసారి తిరిగి చెప్పండి, వింటాను."

రాజు చిన్నపిల్లాడిలా మూడూ అప్పజెప్పాడు. పంక్తి మొత్తం పగలబడి నవ్వింది. నాంచారమ్మ కడియం తొడుక్కుని, శాస్త్రుల విస్తరిలో మొదటి బొబ్బట్టు వేసింది.