మద్దిచెట్టు సన్నబడింది

మారేడుమిల్లి అడవిలో చెట్ల మీద పరిశోధన చేస్తున్న దివాకర్ లెక్కల్లో ఒక చెట్టు సన్నబడింది.

రెండు వందల పద్నాలుగో నంబరు మద్దిచెట్టు. ఏటా దాని చుట్టుకొలత రాస్తాడు. ఈ ఏడు రెండు సెంటీమీటర్లు తగ్గింది. మనిషి చిక్కిపోతాడు గానీ మద్దిచెట్టు చిక్కిపోవడం ఎవరైనా విన్నారా?

అనుమానం పెనుభూతమంటారు. దివాకర్‌ని అది బాగానే పట్టింది. ఐదేళ్ల కొలతలు ఎవరు కొట్టేస్తారోనని ల్యాప్‌టాప్ తలగడ కింద పెట్టుకుని పడుకునే మనిషి. తోటి పరిశోధకురాలు రెహానా నెల క్రితం, "మీ అంకెలు ఇస్తారా? నా మట్టి పరీక్షల పక్కన పెట్టి చూసుకుంటాను" అంటే మొహం తిప్పుకున్నాడు. ఇప్పుడు ఆమె మీద ఫిర్యాదు రాసి జేబులో పెట్టుకుని, గురువు వరహాలు మాస్టారి దగ్గరికి వచ్చాడు. ఆ కాగితం పైకి వెళితే రెహానా చదువు అక్కడితో ఆగిపోతుంది.

"ఇవ్వలేదన్న కక్షతో నా అంకెలు మార్చేసింది మాస్టారూ."

"నువ్వు చూశావా?"

"చూడాలా? ఇంకెవరికి అవసరం?"

మాస్టారు టేపు, రంగుడబ్బా, కుంచె తీసుకుని మద్దిచెట్టు దగ్గరికి నడిచారు. టేపు అతని చేతిలో పెట్టారు.

"కొలువు."

కొలిచాడు.

"మళ్ళీ."

ఈసారి వేరే అంకె వచ్చింది. మూడోసారి ఇంకొకటి.

"గీత ఏదయ్యా?"

కొలిచినచోట తెల్లరంగుతో గీత వెయ్యడం అక్కడి పద్ధతి. మరుసటి ఏడు ఎవరు కొలిచినా టేపు అక్కడే పడాలి.

"నిరుడు పాత గీత మీదే కొలిచాను గానీ, మళ్ళీ రంగు వెయ్యలేదు మాస్టారూ. వేస్తే ఇంకెవరైనా వచ్చి కొలుచుకుంటారని..."

మాస్టారు బెరడు మీది నాచును గోటితో గీకారు. దివాకర్ టేపు చుట్టినచోటికి నాలుగు వేళ్ల కింద పాత గీత బయటపడింది. అక్కడ చుట్టి చూస్తే చెట్టు నిరుటికన్నా ఒక సెంటీమీటరు పెరిగింది.

మాస్టారు ఇంకాస్త గీకారు. రంగు పొరలు పొరలుగా లేచింది.

"పై పొర నీది. అడుగు పొర ముప్పై ఏళ్ల నాటిది. ఎవరు వేశారో తెలుసా?"

"తెలియదు మాస్టారూ."

"అతనికీ నువ్వెవరో తెలియదు."

కుంచె అందించారు. దివాకర్ చెట్టు చుట్టూ తిరిగి నెమ్మదిగా గీత వేశాడు. కుంచె తుడవడానికి మాస్టారు గుడ్డ వెతుకుతుంటే, జేబులోని కాగితం తీసి ఇచ్చాడు.