పైడితల్లి సున్నం గీత

అనగా అనగా, చాలా కాలం కిందట. ఎంత కాలమని అడక్కండి. కొండల్లో బస్సు తిరగని కాలం, దొరగారి కారుకి అప్పటికే ముసలితనం వచ్చేసిన కాలం.

ఆ కారు దొర తన డ్రైవరు బూరన్నకి ఇచ్చేశాడు, నడుం విరిగిన ఎద్దుని దానం చేసినట్టు. ఇంజన్ను మోసే అడ్డదూలాన్ని తుప్పు తినేసింది. అయినా జ్వరమొచ్చినా, నొప్పులొచ్చినా కొండమీది జనం ఘాటీ రోడ్డు దిగడానికి అదొక్కటే బండి.

బూరన్న పెళ్లాం పైడితల్లి. విప్పిన సామాన్లు కిరసనాయిలులో కడగడం ఆమె పని. కడిగేవాళ్ల పేరు ఎవడడుగుతాడు?

బూరన్న కమ్మరి చేత కొత్త ఇనపదూలం చేయించాడు. అందంగా ఉండాలని మందంగా రంగు పూశాడు. ఇక బోల్టులు బిగించాలి.

మొదట పాతవే తీశాడు.

"పట్టుందా మావా?" అంది పైడితల్లి.

"ఇన్నాళ్లూ పట్టుకున్నవి ఇవే గదే."

ఆమె ఒకదానికి నట్టు వేసి వేలితో తిప్పింది. సగం దాకా పోయి మొరాయించింది. "సాగిపోయింది. మోసీ మోసీ నాలాగే అయిపోయింది. పారెయ్."

రెండోసారి సంతలో కొన్నాడు. ముక్కుపుడకల్లా మెరుస్తున్నాయి.

"పట్టుందా మావా?"

"మొహం కనబడతాంది, చూడు."

"మొహానికి అద్దం ఉంది" అని, ఒకదాన్ని బిగించి సుత్తితో కొట్టింది. వంకాయ తొడిమలా వంగిపోయింది.

మూడోసారి పట్నం పోయి, లారీ సామాన్ల కొట్లో నల్లటివి తెచ్చాడు. తలల మీద బలం చెప్పే అంకెలు అచ్చేసి ఉన్నాయి. ఆమె కొడితే సుత్తే ఎగిరిపడింది.

"పట్టుందా పైడీ?" ఈసారి అతనే అడిగాడు.

"ఇయ్యాల ఉంది. రేపు మళ్లీ చూసుకోవాల."

బిగించాక, ఆకువక్కల సంచిలోంచి సున్నం తీసి, ప్రతి నట్టు మీంచి దూలం మీదికి ఒక గీత గీసింది.

"కారుకి బొట్టా?" అని నవ్వాడు బూరన్న.

"బొట్టు కాదు. నట్టు కదిలితే గీత తెగుద్ది."

మర్నాడే నొప్పులు పడుతున్న మనిషిని ఎక్కించుకుని ఘాటీ దిగారు. నడిమి మలుపులో పైడితల్లి ఆపమంది.

"వెనకాల నొప్పులు పడతాంటే ఆపడమేటే?"

"అందుకే ఆపమంటన్నాను."

కిందికి దూరి చూసింది. ఒక గీత తెగి ఉంది. నట్టు కింది మందపు రంగు నలిగి నట్టు వదులైంది. బూరన్న రంగు గీకి, మళ్లీ బిగించాడు. ఆమె కొత్త గీత గీసింది. ఆస్పత్రిలో బిడ్డ పుట్టింది. తల్లీ బతికింది.

తర్వాతెప్పుడో ఒక వానాకాలం చలిజ్వరం పైడితల్లిని పట్టుకుపోయింది. బూరన్న మాత్రం ఆ మలుపులో ఆగేవాడు. దూరి గీతలు చూసేవాడు. లేచి, పక్క సీటు ఖాళీగా ఉన్నా, అటు తిరిగి "ఉందే" అనేవాడు.

అతన్ని చూసి మిగతా డ్రైవర్లూ ఆగారు. ఇప్పటికీ ఆ మలుపులో పక్క సీట్లో మనిషి "పట్టుందా మావా?" అని అడగాలి. డ్రైవరు మీసం రాని కుర్రాడైనా, అడిగేది వాడి అత్తగారైనా, మావా అనే అనాలి. కొందరు నడుం వంచకుండా, బానెట్టుకి కుంకం రాసి దణ్ణం పెట్టేసి పోతారు. వాళ్ల బండి ఎక్కకండి. దిగి, వంగి, చూసి, "ఉందే" అన్నవాడి బండే ఎక్కండి.