తాడు పట్టినవాడి మొహం

"తాతా, వెనక అడుగులు వినబడితే నా తల దానంతట అదే తిరుగుతది. ఇది మానే మందేమన్నా ఉందా?" అని సలేశ్వరి మా బావను అడిగింది.

మా బావ ఈదన్న నల్లమలలో చెంచు పిల్లలకు పరుగు నేర్పేవాడు. అడిగినదానికి నోటితో బదులు చెప్పే అలవాటు ఆయనకు లేదు. సలేశ్వరి ఆయన శిష్యుల్లో గట్టిది. చిన్నప్పుడు హాస్టల్లో అన్నం దొంగిలించావని నింద వేస్తే ఇంటికి పారిపోయింది. కాపలావాడు కర్ర పట్టుకుని రోడ్డు వెంట తరిమి, పట్టి తెచ్చి, అందరి ముందు కొట్టాడు. "అడవి జాతికి దెబ్బే చదువు" అన్నాడు. వాడి పేరు నాకు తెలుసు. ఇక్కడ రాసి వాడికి ఆ గౌరవం ఇవ్వను. అప్పటినుంచి పందెంలో వెనక ఎవరు దగ్గరికొచ్చినా ఈ పిల్ల తిరిగి చూస్తుంది. ఆ చూపు చాలు, వాళ్లు దాటిపోతారు. వారం తిరిగితే రాష్ట్ర జట్టుకు ఎంపిక. ఈసారి తప్పితే వయసు మించిపోతుంది.

బావ ఆమెను తేనె కొండకు రమ్మన్నాడు. నాకూ మనిషి చేత కబురు పెట్టాడు. మా ఇద్దరికీ మాటల్లేవు. నా కుక్కను అడగకుండా అడవికి తీసుకుపోయి ఎలుగుబంటికి బలిపెట్టాడు. తప్పు ఆయనదే, ఇప్పటికీ అదే అంటాను. అయినా వెళ్లాను. చరియ మీదినుంచి తేనెకు దిగేవాడి తాడు భార్య తోబుట్టువే పట్టాలి. అక్క బొట్టు తుడిచే పని తమ్ముడు చేయడని మా పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

తీగతాడు నడుముకు చుట్టుకుని, బండకు కాళ్లు తన్నిపెట్టి కూర్చున్నాను. బావ అంచున నిలబడి నా మొహంలోకి ఒకసారి చూశాడు. దిగాడు. కింద పొగ లేచింది, ఈగలు రేగాయి. సలేశ్వరి అంచు మీద బోర్లా పడుకుని చూస్తోంది.

"బయ్యన్న తాతా, మీ ఇద్దరికీ పడదంట గదా?" అంది నాతో.

"పడదు."

"మరి ఒక్కసారన్నా పైకి చూడడేంది?"

"పైకి చూస్తే తేనె ఎవడు కోస్తడు? నోరు మూసుకుని ఉండు."

బావ బుట్ట నిండా తేనెపట్టుతో పైకొచ్చాడు. మొహం వాచి ఒక కన్ను మూసుకుపోయింది. ఆ పిల్ల అదే మాట ఆయన్నీ అడిగింది. "దిగేముందు చూసుకున్న గదా" అన్నాడు, అంతే.

ఎంపిక నాడు గీత దగ్గర పక్క పిల్లలు మోచేతులతో పొడుచుకున్నారు. మా గూడేన్ని మేం పెంట అంటాం, వాళ్లకది నవ్వులాట. "పెంటలోంచి వచ్చిందట, వాసన రావట్లే?" అన్నారు. సలేశ్వరి వాళ్లవైపు చూడలేదు. వెనక్కి తిరిగి, కంచె ఆనుకుని నిలబడ్డ వాళ్లమ్మను, బావను, నన్ను ఒక్కొక్కరినే చూసింది. తర్వాత మొహం ముందుకు తిప్పుకుంది.

చివరి మలుపులో ఇద్దరు ఆమె మడమల దాకా వచ్చారు. ఆమె మెడ నరాలు బిగుసుకోవడం నాకు కంచె దగ్గరికే కనిపించింది. తల మాత్రం తిరగలేదు. అందరికన్నా ముందు గీత దాటింది.

ఒగరుస్తూ వచ్చి, గెలిచినదానిలా కాక, నేరం చెప్పేదానిలా అంది: "అడుగులు పోలేదు తాతా. చివరిదాకా వినబడుతనే ఉన్నయి."

"వినబడనీ" అన్నాడు బావ. "వాళ్లకు కనబడ్డది నీ వీపే గదా."