మెషీను మట్టి

మట్టి కాల్చే ఆవం విప్పేసరికి కప్పులు మళ్ళీ బీటలిచ్చి ఉన్నాయి. సగానికి సగం పోయాయి. కొండబాబుకి ఒళ్ళు మండిపోయింది. లోలోపల కాస్త సంతోషం కూడా కలిగిందనుకోండి, అది వేరే సంగతి.

మీసాలు రాకముందు శరభయ్యగారి దగ్గర కుండల పనికి చేరాడు వాడు. ఇప్పుడు కొండబాబు కూజా అంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అడిగి మరీ పట్టుకెళతారు. అలాంటిది, ఈ వయసులో గురువుగారికి ఏం బుద్ధి పుట్టిందో, టీ కప్పులు ఒత్తే కరెంటు మెషీను తెచ్చి పాకలో పెట్టారు. ముద్ద వేసి మీట నొక్కితే కప్పు. మళ్ళీ నొక్కితే ఇంకో కప్పు. ఇన్నేళ్ళు నేర్చుకున్నది దీనికి ముద్దలందించడానికా? రేపు ముద్ద కూడా అదే తీసుకుంటే తనతో పనేముంటుంది? వాడి దిగులంతా అదే. పైకి మాత్రం కోపమని చెప్పుకునేవాడు.

"నెత్తీ నోరూ బాదుకుని చెప్పానా గురువుగారూ! ఈసారి కూడా కప్పులు అందకపోతే ప్లాస్టిక్‌వే కొనుక్కుంటామని హోటళ్ళవాళ్ళు మొహమ్మీదే అన్నారు. ఆ మెషీన్ని వెనక్కి పంపేయండి. లేదా నన్ను పంపేయండి."

"అరవకురా, నా చెవులు బాగానే ఉన్నాయి. మట్టి సరిగ్గా తొక్కావా?"

"బాగుందండీ! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మెషీనుకి చేతకాకపోతే మట్టిదా తప్పు?"

నిజానికి వాడు తొక్కిందెంత? గుంటలో దిగి నాలుగడుగులు వేసి పైకొచ్చేశాడు. అదే తన కుమ్మరి సారె మీదకెళ్ళే మట్టయితే కాలివేళ్ళతో వెతికి వెతికి పలుకురాళ్ళు ఏరిపారేస్తాడు. మెషీను మొహానికి ఇదే ఎక్కువ అనుకున్నాడు.

గురువుగారు విసుగ్గా లేచి, మెషీను పక్కన మిగిలిన మట్టిలోంచి ఓ ముద్ద తీసి కొండబాబు సారె మీద వేశారు.

"ఓ ముంత చెయ్యి."

"మెషీను మట్టితోనా?"

"మట్టేగా. చెయ్యి."

కర్రతో సారె తిప్పి కూర్చున్నాడు. ముద్ద లేస్తుండగానే వేలికి ఏదో గుచ్చుకుంది. "ఛీ" అని పీకి పారేశాడు. ఇంకాస్త లేచాక మరోటి. దాన్నీ పారేశాడు. అలా చిరాకుపడుతూనే, తిట్టుకుంటూనే, ముంతని మాత్రం ముచ్చటగా తీర్చాడు. దారంతో కోసి గురువుగారి ముందు పెట్టాడు.

"ఇదిగో, చూడండి! మట్టి అదే. దీనికి బీటొస్తే నా చెయ్యి నరికేసుకుంటాను. ఇప్పుడు చెప్పండి, తప్పు ఎవరిది?"

గురువుగారు ముంత వంక చూడనే లేదు. మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ కిందికి వంగారు. సారె చుట్టూ వెతికి, వాడు పారేసిన రాళ్ళన్నీ ఏరి, వాడి తడి అరచేతిలో పోశారు.

"ఇవెవరు తీశారు?"

"ఇంకెవరు, నేనే. వేలికి తగిలితే తీయనా?"

"మరి దానికి వేళ్ళేవిరా?"

కొండబాబు చేతిలో రాళ్ళ వంక చూశాడు. పాకలో మూలనున్న మెషీను వంక చూశాడు.

"ఇంత చిన్న సంగతికి రెండుసార్లు ఆవం తగలేశావు" అన్నారు గురువుగారు నడుం పట్టుకుని నిలబడుతూ. "పైగా పంపేయమంటాడు! నిన్ను పంపేస్తే ఆ చేతుల్లేనిదాని గతేంటిరా?"

కొండబాబు రాళ్ళు గట్టు మీద పెట్టి, పంచె ఎగ్గట్టి, మెషీను మట్టి గుంటలోకి దిగాడు.

మొదటి అడుగులోనే బొటనవేలికి ఏదో తగిలింది. వంగి తీశాడు.