బొట్టు పెట్టిన కంప్యూటర్

ధర్మవరంలో కంప్యూటర్లు బాగుచేసే ఓబులపతి సార్ దగ్గర ప్రశ్నకు జవాబు అంత సులభంగా దొరకదు. అడిగినవాళ్లను "కూర్చోప్పా" అంటారు, అంతే. శిష్యుడు అశ్వర్థ రెండు డిప్లొమాలు చదివిన ముప్పై ఏళ్లవాడు. ఊరికే కూర్చోవడం అతడి జాతకంలోనే లేదు. ఆయుధపూజ మరుసటి రోజు పొద్దున అడగనే అడిగాడు. "సార్, పుస్తకాలన్నీ నేనూ చదివినా. అయినా చెడింది యాడుందో మీకే ముందు తెలుస్తాది. ఎట్లా?" పక్కన టీ తాగుతున్న మేమంతా చెవులు రిక్కించాం.

సార్ నోరు విప్పేలోగా, చీరలకు డిజైన్లు గీసే కుళ్ళాయప్ప తన కంప్యూటర్‌ను చంటిబిడ్డలా ఎత్తుకొని పరుగున వచ్చాడు. పూజలో వేసిన బంతిపూల దండ దానికి ఇంకా అలాగే ఉంది. "నిన్న బాగుండె సార్! పొద్దున్నుంచి ఫ్యాను రవ్వంత తిరుగుతాది, ఆరిపోతాది. పదకొండుకు మగ్గాలాయన వస్తాడు. మూడు నెలలు గీసిన నెమళ్ల కొంగు ఇందులోనే ఉంది. చూపించకపోతే ఆ మగ్గాలు ఇంకొకరి డిజైనుకు పోతాయి!"

"నువ్వే చూడు" అని సార్ శిష్యుడికి అప్పగించి టీ గ్లాసు అందుకున్నారు.

అశ్వర్థ చూశాడు, అబ్బో, మామూలుగా చూశాడా! మెమరీ తీసి తుడిచి పెట్టాడు. పవర్ సప్లై మార్చాడు. వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చాడు. గంట గడిచాక చెమట తుడుచుకుంటూ "మదర్‌బోర్డు పోయింది సార్" అని తేల్చేశాడు. కుళ్ళాయప్ప నెత్తిన చేతులు పెట్టుకొని గడప మీదే కూలబడ్డాడు.

సార్ కంప్యూటర్ వైపు కాకుండా ఆయన వైపు తిరిగారు. "పూజ ఎవరు చేసినారప్పా?"

"మా ఆడమనిషి సార్. గంధం, కుంకుమ దండిగా పెట్టింది."

"యాడ పెట్టింది?"

"ముఖానికి సార్. ఇంకెక్కడ పెడతారు?"

కంప్యూటర్‌కు ముఖమంటే ఏది? ముందువైపు గుండ్రంగా, నున్నగా ఉన్న పవర్ బటన్! ఆ మహాతల్లి దాని మీదే నిండుగా గంధం అద్ది బొట్టు పెట్టింది. గంధం సందులోకి దిగి గట్టిపడి, నొక్కిన బటన్‌ను పైకి రానివ్వడం లేదు. నొక్కి పట్టుకున్నట్టే ఉండిపోయిన ఆ బటనే లేచిన యంత్రాన్ని మళ్లీ పడుకోబెడుతోంది. సార్ తడిగుడ్డతో తుడిచి, చీపురుపుల్లతో సందు గీశారు. బటన్ టిక్కుమని పైకి లేచింది. ఈసారి నొక్కితే ఫ్యాను తిరిగింది, ఆగలేదు. కాసేపటికి తెర మీద నెమళ్లు బారులు తీరాయి.

"బతికించినావు సామీ!" అని కుళ్ళాయప్ప గంతేశాడు. మేమైతే పొట్టలు పట్టుకొని నవ్వాం.

"ఇంట్లో ఆమెను ఏమీ అనొద్దు" అన్నారు సార్. "వచ్చే ఏడు రవ్వంత పక్కకు పెట్టమను, చాలు."

పదకొండుకు ఇంకా పావుగంట ఉంది. కుళ్ళాయప్ప దాన్ని మళ్లీ ఎత్తుకొని, నవ్వుతూనే ఇంటికి పరుగు తీశాడు.

అశ్వర్థ ముఖం మాత్రం చిన్నబోయింది. "బొట్టు నాకు మొదటే కనిపించింది సార్" అన్నాడు మెల్లగా. "చెరిపితే పాపమని దండం పెట్టుకొని, గోటితో అంచున నొక్కినా."

సార్ అతడి భుజం తట్టి నవ్వారు.

"దండం పెట్టినావు, మంచిదే. ముట్టుకొని కూడా చూసింటే బాగుండు కదప్పా."