కంప్యూటర్‌కి మా అత్తగారి పర్మిషన్

మా ఇంట్లో తెలివికి లోటు లేదు. పాలకొల్లులో ఎవరినైనా అడగండి, నవ్వుతారు. అంతా అసూయ.

మా ఆయన గవర్రాజు గారు కంప్యూటర్ కొనలేదు, చేశారు. ముక్కలు తెచ్చి, మరిది చిట్టబ్బాయి స్క్రూలు అందిస్తుంటే, మూడు రోజుల్లో బిగించేశారు. నాలుగు స్క్రూలు మిగిలాయి. "చూశావా, కంపెనీవాళ్ళకి ఈ పొదుపు తెలీదు" అన్నారు.

వెలగ్గానే అది అడ్మినిస్ట్రేటర్ ఎవరని అడిగింది. అంటే పెత్తనం ఎవరిదని. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో పెత్తనం మా అత్తగారిదే. ఇంకేముంది, మహాలక్ష్మమ్మ అని కొట్టారు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియనివ్వొద్దని రాసుంది. ఆవిడ మమ్మల్నందర్నీ వీధిలోకి తోలి, తలుపేసుకుని కొట్టుకున్నారు. మిగిలినవాళ్ళం వాడుకోవడానికి వేరే ఖాతా ఒకటి పెట్టారు.

మా అమ్మాయి హారిక పది పాసైంది. డాక్టరవ్వాలని దాని ఆశ. కాలేజీలో బైపీసీ సీటు ఒక్కటే మిగిలింది. దరఖాస్తు, మార్కుల లిస్టు ఆరోజు సాయంత్రం ఐదింటికల్లా పంపాలి. రెండూ కంప్యూటర్లో ఉన్నాయి. హారిక తెరవబోయింది.

"అడ్మినిస్ట్రేటర్ పర్మిషన్ కావాలి" అంది అది.

అప్పటికి మూడైంది.

పెరట్లోకి పరిగెత్తాను. అత్తగారు పనసపొట్టు కొడుతున్నారు.

"అత్తయ్యా, పర్మిషన్ ఇవ్వండి."

"ఇచ్చాను పో."

వచ్చి చూస్తే అది మళ్ళీ అదే మాట.

"పెరట్లో అంటే దానికెలా వినపడుద్ది వదినా?" అన్నాడు చిట్టబ్బాయి.

అంతే, ఆవిణ్ణి తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టాం. "ఇచ్చానన్నానుగా, తెరువు!" అని గదమాయించారు. కదల్లేదు. నోటిమాట చెల్లదేమోనన్నారు మా ఆయన. అంతే, కాగితం మీద రాసి, సంతకంతో పాటు వేలిముద్ర కూడా వేయించి, అన్నం మెతుకులతో తెరకి అంటించాం. ఇప్పుడది ఏమంటోందో కూడా కనపడదు.

ముక్కలమ్మిన షాపతనికి ఫోన్ చేశారు మా ఆయన. "మీరు బయటికొచ్చేసి, అమ్మగారి పేరుతో లోపలికెళ్ళండి సార్" అన్నాడతను.

ఇంత తేలికా! అందరం చెప్పులేసుకుని బయటికొచ్చాం. ఒక్కొక్కరం "మహాలక్ష్మమ్మ" అంటూ గడప దాటాం. అత్తగారు కూడా తన పేరు తనే చెప్పుకుని దాటారు. అవసరం పిల్లది కదా, హారికని మూడుసార్లు దాటించాం.

"ఇదేం నోమమ్మా?" అంది ఎదురింటి సుభద్ర.

మళ్ళీ ఫోన్. ఈసారి అతని గొంతు మారింది. "అమ్మగారి అధికారాలు పాపకి ఇచ్చేయండి సార్. గొడవుండదు."

అత్తగారు కళ్ళొత్తుకున్నారు. బొడ్లోంచి తాళాల గుత్తి తీసి, తమలపాకులో పెట్టి, మనవరాలి చేతికిచ్చారు. ఇరవై రెండేళ్ళు నేను చూసిన గుత్తి. నా చేతికి ఒక్క తాళం రాలేదు. పోనీలే, పిల్ల చదువనుకున్నాను.

కంప్యూటర్ కదల్లేదు.

నాలుగున్నరకి అత్తగారికి ఒళ్ళు మండింది. మమ్మల్ని వీధిలోకి తోలి, కాగితం పీకి, పాస్‌వర్డ్ కొట్టారు. తెరుచుకుంది! కిటికీలోంచి చూస్తున్నాం. "ఇందులో మార్పులు చెయ్యనిస్తారా?" అని అడిగింది.

"మా అబ్బాయి చేసినదానికి మార్పులా?" అని ఆవిడ 'వద్దు' నొక్కేశారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నారు. "ఎన్నిసార్లడిగినా నాది ఒకే మాట" అంటూ ఏకంగా స్విచ్చే ఆపేశారు.

హారిక ఏడుపు. పావు తక్కువ ఐదు.

"అన్నయ్యా, పంపమన్నారు గానీ, పెట్టెలోంచి తీసి పంపమన్నారా?" అన్నాడు చిట్టబ్బాయి.

నిజమే! వైర్లు పీకి, పెట్టెని ఆటో ఎక్కించాం. హారిక ఎక్కబోతే నాయనమ్మ దింపేశారు. "తాళాలు నీ దగ్గరున్నాయి. నువ్వూ వస్తే ఇంట్లో పెత్తనం ఎవరిదే?" సబబుగానే తోచింది.

కాలేజీ గుమాస్తా పెట్టెని చూశాడు, మమ్మల్ని చూశాడు, గడియారం చూశాడు. "కాగితాలు రేపు తెండి. చేరేవాళ్ళు ముందు ఇక్కడ సంతకం పెట్టాలి. రెండు నిమిషాలే ఉంది."

చేరే పిల్ల ఇంట్లో ఉంది.

అత్తగారు ముందుకొచ్చారు. "నేనుండగా సీటు పోనిస్తానా? ఇటియ్యి." సంతకం చేసేశారు. అతను తలెత్తకుండా స్టాంపు గుద్దాడు.

సీటొచ్చింది! ఆ సంతోషంలో వీధంతా అరటిపళ్ళు పంచాం.

హారిక ఏదంటారా? ఇంట్లోనే ఉంది. పనసపొట్టు కొడుతోంది.

చేరినవాళ్ళు సోమవారం తండ్రిని వెంటబెట్టుకు రావాలన్నారు. మా అత్తగారి నాన్నగారు పోయి ముప్ఫయ్యేళ్ళు. ఇంకేముంది, మా ఆయనే బయల్దేరారు. వాళ్ళమ్మని చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి, ప్రిన్సిపాల్ ముందు నిలబెట్టి, "కాస్త మొండిపిల్లండి. మాట వినకపోతే రెండు తగిలించండి" అని అప్పజెప్పి వచ్చారు.