వెనక్కి నడిచే కుందేలు

రాళ్ళగుట్ట దిగువన ఒక వేరుశనగ చేను, చేను గట్టున పశువుల పాక, దానికి కాస్త ఎడంగా గడ్డివాము. ఆ వాము కింద బొరియలో రేగమ్మ అనే కుందేలు పిల్లలతో కాపురముండేది. మంచి ఇల్లాలు, మాట మెత్తన. ఒక్కటే వింత. ఎక్కడికి వెళ్ళినా మామూలుగానే వెళ్ళేది గానీ, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మాత్రం దారి పొడుగునా అడుగు వెనక్కి వేసుకుంటూ వచ్చి, వీపు ముందు పెట్టి బొరియలో దూరేది. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. లోకం నవ్వకుండా ఊరుకుంటుందా మరి.

పాకలో ఉండే కోడిపెట్ట తురాయమ్మ అందరికంటే ఎక్కువ నవ్వేది. "ఏం వదినా, మీ ఊళ్ళో కళ్ళు వీపుకుంటాయా?" అంది ఒకనాడు.

"చిన్నప్పటి అలవాటు వదినా. మానుదామన్నా కాళ్ళు వినవు."

గాడి దగ్గర నెమరేస్తున్న ముసలెద్దు బూదన్న తల తిప్పాడు. "నవ్వడం సరే, ఎందుకో ఏనాడైనా అడిగావా తురాయీ?"

అడక్కుండానే చెప్పింది రేగమ్మ. "ఆ గుట్ట మీద గుహ ఉందే, అక్కడ పెరిగాను. కరువొచ్చిన ఏడు గరిక పోచ కూడా దొరక్క, మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని గుట్టెక్కింది. గుహలో మితాహార స్వామి ఉండేవాడు. దుంపలు తప్ప ఏదీ ముట్టడని పేరు."

"ఏ జాతి స్వామి?" అని అడిగింది తురాయమ్మ.

"ఎవరు చూశారు? ఆయన ముఖం చూస్తే కళ్ళు పోతాయని నియమం. అందరం గుహకి వీపు పెట్టి కూర్చుని, లోపలి నుంచి వచ్చే మాటలు వినేవాళ్ళం. పిలుపొస్తే మన ఇంటి గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి నడుచుకుంటూ గుహలోకి పోవాలి."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది తురాయమ్మ.

రేగమ్మకు కోపం రాలేదు. గుట్టకేసి చూస్తూ కూర్చుంది. "అట్లా అనకు వదినా. పొద్దు గూకితే అందరం ఒకరి పక్కన ఒకరం ఒరుసుకుని కూర్చునేవాళ్ళం. దొరికిన దుంప ముసలివాళ్ళకి ముందు, పిల్లలకి తర్వాత. ఒంటరిగా తిన్నవాళ్ళు లేరు. మా అమ్మ నన్ను నిద్రపుచ్చడానికి ఒక పాట కట్టింది. గడ్డి పూసింది, గాలి ఊగింది, నిద్దరోవే కూనా, అమ్మ ఉంది పక్కన, అని. అది స్వామికి నచ్చి, చివర 'స్వామి ఉన్నాడు పక్కన' అని మార్పించి అందరి చేతా పాడించేవాడు. గుట్టంతా ఒకటే గొంతు. ఇక్కడ నాకు తిండికి లోటు లేదు, మీరంతా ఉన్నారు. అయినా సాయంకాలమైతే ఆ వెచ్చదనం గుర్తొచ్చి ప్రాణం లాగేస్తుంది."

"దూరపు కొండలు నునుపు" అంది తురాయమ్మ.

"ఆ కొండ మీద పెరిగిన పిల్లకా నువ్వు చెప్పేది?" అన్నాడు బూదన్న. "దానికి నునుపూ తెలుసు, గరుకూ తెలుసు. నువ్వు చెప్పమ్మా, మరెందుకు దిగొచ్చావు?"

"అప్పుడప్పుడూ స్వామి ఒకరిని తీర్థయాత్రకని పిలిచేవాడు. మర్నాడు గుహ ముందు మట్టిలో అడుగులు బయటికి పోతున్నట్టు కనబడేవి. 'చూశారా, దీవెన అందుకుని ఎంత నిబ్బరంగా వెళ్ళిపోయారో' అనేవాడు. మేం ఆ అడుగులకు మొక్కేవాళ్ళం. వాటి వెంట మాత్రం పోకూడదు, అది కట్టడి. ఒకసారి మా అమ్మ వంతొచ్చింది. నాకు బెంగ ఆగలేదు. ఏ తీర్థానికి పోయిందో చూద్దామని, కట్టడి దాటి, అమ్మ అడుగులు పట్టుకుని పోయాను. అవి తిన్నగా మా బొరియ గుమ్మానికే వచ్చి ఆగాయి. అమ్మ ఇంటికొచ్చేసిందని సంబరంగా లోపలికి ఉరికాను. లేదు. ఆ గుమ్మంలో కూర్చుని అడుగుల్ని చూసుకుంటూ ఉంటే అప్పుడు తెలిసింది. అవి అమ్మ వచ్చిన అడుగులు కావు. ఇంటి నుంచి గుహలోకి వెనక్కి నడుచుకుంటూ పోయిన అడుగులు."

తురాయమ్మ ముక్కుతో ఊరికే నేల గీరింది.

"ఎవరికి చెప్పినా నమ్మలేదు. నీకు భక్తి చాలదన్నారు. ఆ రోజే గుట్ట దిగాను" అంది రేగమ్మ.

గుట్ట మీద పాడేవాళ్ళు రాను రాను పలచబడ్డారు. ఎందుకు పలచబడ్డారో వేరే చెప్పాలా? వేరుశనగ చేలో రేగమ్మ ఉందనీ, పిల్లల తల్లయిందనీ స్వామి చెవిన పడింది. ఇంకేం, నోరూరింది.

ఒకనాటి వేకువన రేగమ్మ గాడి కింద రాలిన తవుడు కోసం పాకకి వెళ్ళింది. ఇంతలో పెద్ద వాన. వెళ్ళిన అడుగులన్నీ కొట్టుకుపోయాయి. వాన వెలిశాక, మెత్తటి బురదలో అలవాటు ప్రకారం వెనక్కి నడుచుకుంటూ ఇల్లు చేరి పిల్లల పక్కన పడుకుంది. కాసేపటికి బొరియ బయట ఎవరో పాట ఎత్తుకున్నారు.

"గడ్డి పూసింది, గాలి ఊగింది..."

ఆ గొంతు వినగానే రేగమ్మ చెవులు వాటంతటవే వాలిపోయాయి. గుట్ట, దుంపలు, ఒరుసుకుని కూర్చున్న వాళ్ళందరూ కళ్ళకు కట్టారు. తెలిసి తెలిసీ కాళ్ళు గుమ్మం వైపు కదిలాయి. పిల్లలు కూడా తల్లి పాటే కదా అని లేచాయి.

"నిద్దరోవే కూనా, స్వామి ఉన్నాడు పక్కన."

ఆ ఒక్క మాటతో రేగమ్మ ఆగింది. అమ్మ ఉండాల్సిన చోట ఎవరున్నాడో వినబడింది. పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుని, కళ్ళ నీళ్ళు కారుతున్నా ఊపిరి బిగబట్టి పడుకుంది.

బదులు రాకపోయేసరికి నక్క నేల చూశాడు. అవును, స్వామివారు నక్కే, ఇంకా దాపరికమెందుకు. బురదలో అడుగులు బొరియ నుంచి పాక వైపు పోతున్నట్టున్నాయి. వెనక్కి నడవడం నేర్పింది తనే. అయినా ఆ అనుమానమే రాలేదు. 'నేను ఎదురుగా లేనప్పుడు నా నియమం పాటించే వెర్రివాళ్ళు ఎవరుంటారు? పాకకే పోయుంటుంది' అనుకున్నాడు. తను ఏనాడూ నమ్మనిదాన్ని ఇంకొకరు మనసారా నమ్మి ఉంటారని వాడి బుర్రకెట్లా తోస్తుంది?

పాకలో బూదన్న గోడకేసి తిరిగి నిలబడి ఉన్నాడు. వెనక అలికిడయింది.

"ఎవరు నాయనా?"

"మితాహార స్వామిని. మా బిడ్డ రేగమ్మను దీవించిపోదామని వచ్చాను. ఇటొచ్చిందా?"

"వచ్చింది స్వామీ. రండి, నా గాడి కింద చూద్దురు గాని."

"పెద్దవాడివి, ఇటు తిరిగి మాట్లాడవేం?"

"అపచారం కదా. మీ ముఖం చూస్తే కళ్ళు పోతాయట. అందుకే వీపు పెట్టి నిలబడ్డాను. ఇంకాస్త దగ్గరికి రండి, ఈ ముసలి కాళ్ళకు కూడా మీ దీవెన తగలాలి."

ఎద్దు కూడా శిష్యుడే అయ్యాడని మురిసిపోతూ నక్క దగ్గరికి నడిచాడు. తాడిదన్నేవాడి తలదన్నేవాడుంటాడంటారు. బూదన్న తలదాకా పోలేదు, దవడతో సరిపెట్టాడు.

నక్క మూలుగుతూ గుట్టెక్కాడు. నొప్పిలో నియమం మరిచిపోయి, పట్టపగలు అందరి ముందు నుంచే గుహలోకి కుంటుకుంటూ పోయాడు. మూలుగు విని కుందేళ్ళన్నీ తలెత్తి చూశాయి. ముఖం చూశాయి. ఎవరి కళ్ళూ పోలేదు.

మర్నాటి నుంచి ఒకటొకటిగా గుట్ట దిగి రావడం మొదలుపెట్టాయి. గడ్డివాము చుట్టూ కొత్త బొరియలు వెలిశాయి. అందరూ వెనక్కి నడుచుకుంటూనే ఇళ్ళలో దూరుతున్నారు. ఈసారి తురాయమ్మ నవ్వలేదు. "జరగండర్రా, దారివ్వండి, వదిన చుట్టాలకి వెనక ఏముందో కనబడదు" అని తన పిల్లల్ని పక్కకి తోలింది.

పొద్దు గూకింది. అందరూ ఒరుసుకుని కూర్చున్నారు. రేగమ్మ పాట ఎత్తుకుంది. చివరి మాట దగ్గర కొన్ని గొంతులు పాత అలవాటున తడబడ్డాయి. రేగమ్మ పిల్లలే గట్టిగా అందించాయి, "అమ్మ ఉంది పక్కన" అని. రేగమ్మ ఏడ్చింది, కానీ పాట ఆపలేదు.

గుహలో నక్కకి మాత్రం విరిగిన దవడతో గంజి తప్ప ఏదీ దిగలేదు. ఇన్నాళ్ళకు మితాహారం నిజమైంది.

నీతి: పాట అమ్మది, ఉచ్చు నక్కది, పాట ఉంచుకో, ఉచ్చు వదులుకో.